ఏసీ గదిలో కుంపటి

మా ఇంట్లో ఏసీ కొన్నది నేను. ఎక్కడ పెట్టాలో తేల్చింది మా నాన్న. ఆ పెట్టెను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాన్న రోడ్ల శాఖలో పనిచేశాడు. పెళ్ళయిన కొత్తలో ఒడిశాలోని పొట్టంగి కొండల్లో కాపురం. నాకు రెండేళ్ళప్పుడు బదిలీ మీద రాయగడ దిగారు, మళ్ళీ కొండ ఎక్కలేదు. నేను మునిసిపల్ ఆఫీసులో గుమస్తాని. పెళ్ళి చేసుకోలేదు. ఆ వేసవిలో మా చెల్లి గుడారిలోని అత్తవారింటి నుంచి పురిటికి వస్తోంది. మా లోపలి గదిలో పడమటి గోడను మధ్యాహ్నం దాటాక చేత్తో ముట్టుకోలేం. పసిబిడ్డను అందులో ఎలా పడుకోబెడతామని ఆ గది కోసమే ఏసీ కొన్నాను. బిగించేవాళ్ళు వచ్చిన రోజు నాకు సెలవు దొరకలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది వీధిగదిలో, గుమ్మానికి ఎదురుగా ఉంది.

“ఇక్కడెందుకు పెట్టించేవు నాన్నా?”

“వొచ్చినోలు కూకునేది ఇక్కడే కదేటి? లోపలెడితే ఎవలికి అవుపడతాది?” అన్నాడు.

ఆయనకు కావలసింది చల్లదనం కాదు, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనపడడం. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అదే. వీధి తలుపు బార్లా తీసి ఉంచేవాడు. కిటికీ రెక్క ఒకటి ఊడి ఆర్నెల్లయింది. వీధిగదికీ లోపలికీ మధ్య తలుపే లేదు, ఉత్త ఆర్చీ. ఇన్ని కన్నాలు పెట్టుకుని రిమోటు పదహారు మీద నొక్కేవాడు. ఆయన పాత స్నేహితులు ఇద్దరు రోజూ వచ్చి, ఏసీ కింద కుర్చీలు వేసుకుని, భుజాలకు తువ్వాళ్ళు కప్పుకుని పేపరు చదివేవారు. చల్లగాలంతా చిల్లికుండలో పోసిన నీళ్ళలా రోడ్డు మీదికి పోయేది.

“పదారెడితే బేగి సల్లబడతాదే” అనేవాడు నాన్న.

“బేగేటీ సల్లబడదు. ఎంతెట్టినా అది తిరిగేది ఒకటే జోరు. పదారైతే ఆగకుండా తిరుగుతాది, అంతే. తలుపేసుకో, ఫాను సిన్నగా తిప్పుకో, ఇరవయ్యారు సాలు” అన్నాను.

“నువ్వేటే, మెకానిక్కువా?” అన్నాడు. స్నేహితులిద్దరూ నవ్వారు. నేను లోపలికి పోయాను. ఆరోజే రిమోటు లాక్కుని ఉండాల్సింది.

మే నెలలో చెల్లికి మగపిల్లాడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అమ్మ తల్లీబిడ్డల్ని ఆ లోపలి గదిలో పెట్టి కిటికీలు బిగించేసింది. చెల్లి చెవుల్లో దూది, తలకు గుడ్డ. బిడ్డకు ఉన్ని టోపీ, కాళ్ళకు మేజోళ్ళు. మంచం పక్కన కుంపటి, నిప్పుల మీద వాము, వెల్లుల్లి పొట్టు. ఫ్యాను వేయకూడదు. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదని పొద్దున్న ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, అదీ కాచినవి. పొట్టంగిలో, చలికాలంలో మధ్యాహ్నం కూడా రగ్గు కప్పుకునే చోట, మా నానమ్మ నేర్పిన పద్ధతి ఇది. అమ్మ దాన్ని మూటగట్టుకుని కొండ దిగి, రాయగడ ఎండల్లో విప్పింది.

ఒకే ఇంట్లో గోడకు ఇటు ముగ్గురు ముసలాళ్ళు చలికి ముడుచుకుంటున్నారు, అటు వారం దాటని పిల్లాడు ఉడుకుతున్నాడు. ఆఫీసు నుంచి రాగానే నేను కిటికీ తీసేదాన్ని. అమ్మ వచ్చి మూసేది.

“పచ్చి ఒళ్ళే అది. సలిగాలి తగిలితే ఇంకేటైనా ఉందా?”

“బయట కాకులు నోళ్ళు తెరుసుకుని కూకున్నాయమ్మా. సలిగాలెక్కడుంది?”

“నీకేటి తెల్సు? నువ్వు కన్నావా, పెంచేవా?”

ఆ ఒక్క మాటతో నా నోరు మూయించవచ్చని అమ్మకు బాగా తెలుసు. రోజూ అదే మాట అనేది. రోజూ నేను పళ్ళు నూరుకుంటూ వంటింట్లోకి పోయేదాన్ని.

ఎనిమిదో రోజు బిడ్డను తూచడానికి ఆశా వర్కరు దీదీ వచ్చింది. గదిలో అడుగుపెట్టి, “ఎతే గరమరే నియా కాహింకి?” అని అరిచింది ఒడియాలో. ఇంత ఎండలో నిప్పెందుకని. టోపీ తీసి చూస్తే పిల్లాడి మెడ చుట్టూ ఎర్రగా పేలి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పాలు పట్టబోతే కళ్ళు తెరవలేదు. పొద్దుటి నుంచి ఒక్కసారే తడిపాడని చెల్లి ఏడుస్తూ చెప్పింది. అప్పటికప్పుడు ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరమ్మ నన్నే తిట్టింది, చదువుకున్నదానివి ఇంట్లో ఉండి ఏం చేస్తున్నావని. నిజమే, ఏం చేస్తున్నాను? పళ్ళు నూరుతున్నాను. రెండ్రోజులు ఉంచుకుని పంపిస్తూ చెప్పింది, ఏసీ ఇరవయ్యారో ఇరవయ్యేడో పెట్టండి, గాలి బిడ్డ మీదికి సూటిగా రానివ్వకండి, తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్ళివ్వండి అని.

ఇంటికి రాగానే నాన్న కుర్చీలు అరుగు మీద పడేశాను. “వొచ్చినోలు ఎక్కడ కూకుంటారే?” అన్నాడు. “రోడ్డు మీద” అన్నాను. చెల్లి మంచం వీధిగదిలో వేయించాను. ఏసీ మూత తీసి జల్లెడ చూస్తే రెండు నెలల లారీల దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. కుళాయి కింద కడిగి ఆరబెట్టాను. ఊడిన కిటికీకి అట్ట కొట్టాను, ఎండ పడే వైపు మందపాటి గుడ్డ కట్టాను. ఆర్చీకి పాత బొంతలు వేలాడదీశాను. తలుపు కింది సందులో చీర చుట్టి దూర్చాను. గాలి పైకి పోయేలా రెక్క తిప్పి, ఇరవయ్యేడు పెట్టి, ఫ్యాను ఒకటి మీద ఉంచాను. అరగంటలో గది చల్లబడింది. మిషను కాసేపు తిరిగేది, కాసేపు ఊరుకునేది. రెండ్రోజులకు పిల్లాడి మెడ మీద ఎరుపు తగ్గింది, కడుపు నిండా తాగి నిద్రపోయేవాడు. నేను గెలిచాననుకున్నాను. అమ్మ మాత్రం బొంత అవతల నేల మీద కూర్చుని లోపలికి తొంగిచూస్తూ ఉండేది. నేను పలకరించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చాను. నాన్న అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. తలుపు తీసేసరికి గుప్పున వాము వాసన. ఏసీ ఇరవయ్యేడు మీదే ఉంది. కిటికీ, తలుపు, బొంతలు నేను ఎలా బిగించానో అలాగే ఉన్నాయి. మంచం పక్కన ఎర్రగా కుంపటి. ఏసీ చల్లదనానికి విరుగుడుగా అమ్మ నిప్పులు తెచ్చి పెట్టింది. మూసిన గదిలో బొగ్గుల గాలి మనిషిని చప్పుడు లేకుండా తీసుకుపోతుందని ఆవిడకెవరు చెప్పారు? నేను చెప్పానా? కన్నాలన్నీ మూసింది నేనే. చెల్లి మంచం అంచున వంగి వాంతి చేసుకుంటోంది. అమ్మ తల గోడకానించి, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, సగం మూసిన కళ్ళతో కూర్చుంది. వాడు కదలడం లేదు.

పిల్లాణ్ణి లాక్కుని వీధిలోకి పరిగెత్తాను. నాన్న లేచి కుంపటి ఎత్తి పెరట్లోకి విసిరాడు, బొంతలు పీకేశాడు. ఎండలో రెండు నిమిషాలకు పిల్లాడు ముఖం చిట్లించి ఏడుపు అందుకున్నాడు. చెల్లిని పట్టుకుని అమ్మ గుమ్మంలోకి వస్తోంది.

“సంపెస్తావే నువ్వు ఈడ్ని!” అని అరిచాను. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు.

అమ్మ గుమ్మం పట్టుకుని ఆగింది. నావైపు చూసింది.

“ఈడ్ని కూడానేటే?” అంది.

నాకు అర్థం కాలేదు. చెల్లికీ అర్థం కాలేదు. అందర్నీ ఆసుపత్రికి తీసుకుపోయి, ఏం ఫర్వాలేదని చెప్పించుకుని, వరండా బెంచీ మీద కూర్చున్నాక నాన్న నేల చూస్తూ చెప్పాడు.

“నీకు ముందర ఒకడు పుట్టేడమ్మీ. పొట్టంగిలో, మాగమాసం. పదకొండు రోజులోడు. కుంపటి ఆరిపోయింది, మీ యమ్మ నిద్రోయింది. తెల్లారేతలికి గుంటడు సల్లగైపోయేడు.”

“మరి ఇన్నాల్లూ సెప్పలేదేటి?”

“ఆ ఊసెత్తొద్దన్నాది మీ యమ్మ.”

నాకు నలభై దాటాయి. ఆ ఎనిమిది రోజులూ కిటికీ దగ్గర అమ్మా నేనూ కొట్టుకుంటుంటే, అవతలి గదిలో పదహారు కింద కూర్చున్న ఈయనకు అమ్మ భయం ఎందుకో తెలుసు. ఒక్క మాట చెప్పి ఉంటే నేను అమ్మ పక్కన కూర్చునేదాన్ని. పిల్లాడి వీపు మీద ఆవిడ చెయ్యి పెట్టించి, చూడమ్మా వెచ్చగానే ఉన్నాడు అని చెప్పేదాన్ని. ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు.

పిల్లాడు ఇప్పుడు పరుగులు పెడుతున్నాడు. ఈ వేసవిలోనూ చెల్లి వాణ్ణి తీసుకుని వచ్చింది. వాడు ఏసీ గదిలో పడుకుంటే అమ్మ పక్కనే కూర్చుని గంటకు పదిసార్లు అరికాళ్ళు ముట్టుకుని చూస్తుంది. నేను వద్దనను. ఆరోజు నేను అన్న మాట రెండుసార్లు ఎత్తబోయాను. “పోనీవే, కోపంలో అన్నావు” అంటుంది.

కోపంలోనే అన్నాను. కానీ నలభై ఏళ్ళుగా ఆవిడ తనకు తాను చెప్పుకుంటున్న మాటనే నేను నడివీధిలో నిలబడి, పదిమందీ వినేలా, ఆవిడ ముఖం మీద అరిచాను.