కుక్కకున్న రూలు

ఆ రోజు ఖాలాను ఇంటికి పోనివ్వనిది నేనే. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు ఇదే చెబుతాను. తర్వాత ఏమనుకున్నా వాళ్ళిష్టం.

పటాన్‌చెరు దగ్గర అట్టపెట్టెలు చేసే ఒక కంపెనీలో నేను షిఫ్టు సూపర్‌వైజర్ని. ఖాలా అని మేమంతా పిలిచే ఆ పెద్దామెది జోగిపేట. పటేల్‌గూడలో మా గల్లీలోనే కిరాయికి ఉంటుంది. మా దగ్గర పెట్టెలు కట్టలు కడుతుంది. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగాలి. ఆ రోజు తర్వాతి షిఫ్టులో ఒకామె రాలేదు. ఎవరినైనా ఉంచమని మేనేజరు ఫోన్ చేశాడు.

"డబుల్ చెయ్యి ఖాలా, జెర సంభాళించు" అన్నాను.

"కాళ్ళు గుంజుతున్నయి బిడ్డా" అంటూనే ఆమె మళ్ళీ గోదాంలోకి పోయింది. నాలుగింటికి, వారం రోజుల వానకు నానిన వెనక గోడ కూలి, రేకుల కప్పు మొత్తం కింద పడింది. అందరూ బయటికి ఉరికారు. ఖాలా ఒక్కతే రాలేదు.

కాసేపటికి రెస్క్యూ వాళ్ళు ఒక నల్ల కుక్కతో దిగారు. దాన్ని నడిపే జవాను రాగానే జేసీబీని ఆపించాడు. మేం కుక్కకు బిస్కెట్లు విసిరితే కసురుకున్నాడు. కుక్క రేకుల మీద, ఇటుకల మీద మూతి ఆనించి ఇరవై నిమిషాలు తిరిగింది. మొరగలేదు. జవాను దాన్ని వెనక్కి పిలిచి, చూరు కింద పడుకోబెట్టి నీళ్ళు పెట్టాడు.

మేనేజరుకు ఓపిక లేదు. "ఇంకో పది నిమిషాలు తిప్పండి" అన్నాడు.

"తిప్పను సార్. అలిసిన ముక్కు తప్పు చెప్తది. దాన్ని నమ్మి వేరే జాగల తవ్వితే లోపలున్న మనిషి పోతది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆడ మా మనిషి సస్తుంటే కుక్కకు రెస్ట్ ఏందన్నా?" అని అతని మీదికి పోయాను.

"గిది రెస్ట్ తీసుకుంటెనే మీ మనిషి దొరుకుతదమ్మా. ఇది దీని రూలు. ఎంత పెద్దోడొచ్చి చెప్పినా గంతే" అన్నాడు.

ఆ అరగంట ఎలా గడిచిందో నాకే తెలుసు. కళ్ళు మూసుకుని పడుకున్న ఆ కుక్కనే చూస్తూ నిలబడ్డాను. నోరులేని జీవి కోసం మేనేజరుకు ఎదురు చెప్పే మనిషి ఉన్నాడు. ఖాలా కోసం ఎదురు చెప్పాల్సిన మనిషిని నేనే. నేను చేసిందేమిటి? "సరే సార్" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండోసారి వదిలినప్పుడు కుక్క నేరుగా ఎడమ మూలకు పోయి, కాళ్ళతో గీకి ఒకటే మొరుగుడు. అందరం చేతులతోనే ఇటుకలు తీశాం. అట్టల కట్టలు రేకును మోసి పట్టుకున్నాయి. ఆ సందులో ఖాలా ఉంది. కాలు విరిగింది, ప్రాణం ఉంది. స్ట్రెచర్ మీద మట్టి ముఖంతో నన్ను వెతుక్కుని అడిగింది.

"ఇగ ఇంటికి పోవచ్చా బిడ్డా?"

చెంప మీద కొట్టినా బాగుండేది. నన్ను పర్మిషన్ అడిగింది.

నెల తిరగకముందే మళ్ళీ ఒకామె రాలేదు. ఈసారి మేనేజరు స్వయంగా లైను దగ్గరికి వచ్చి, "ఎవర్నన్న ఉంచు" అన్నాడు.

"ఉంచను సార్. ఎనిమిది గంటలు చేసిన్రు. అలిసిన చెయ్యి తప్పు చేస్తది."

"ఏంది, కుక్కల రూలు మనుషులకు పెడ్తున్నవా?"

"పెడ్తున్న సార్. ఇన్నొద్దులు వీళ్ళను కుక్క కన్నా హీనంగ సూసినం."

"నౌకరీ చెయ్యాలని ఉందా లేదా?"

ఉంది. ఇంటి కిరాయి ఉంది, పిల్లల ఫీజులున్నాయి. అయినా ఎర్ర బటన్ నొక్కాను. లైను ఆగిపోయింది. ఆడవాళ్ళు నా ముఖం చూశారు, సారు ముఖం చూశారు. ఒకామె టిఫిన్ సంచి భుజానికి తగిలించుకుంది. వెనకే అందరూ లేచారు. సారు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"జెర జరుగుండ్రి సార్" అన్నాను. "మా డ్యూటీ అయిపోయింది."