పదకొండు పెరుగు కప్పుల మెంతికూర

బెంగళూరు కుందలహళ్ళిలో ఒక అద్దె ఇంటి కింది అంతస్తులో మా డేకేర్ ఉండేది. గేటు మీద నవ్వుతున్న ఏనుగు బొమ్మ, లోపల పదకొండు మంది రెండేళ్ళ పిల్లలు, వాళ్ళకు టీచరుగా నేను, ఆయమ్మగా యాభై దాటిన ఒకావిడ, మా ఇద్దరి మీద మేడమ్, మేడమ్ మీద ఇరవై రెండు మంది తల్లిదండ్రులు. తల్లిదండ్రుల మీద వాళ్ళ మేనేజర్లు ఉంటారని, అక్కడ పడిన అక్షింతలే సాయంత్రానికి మా దాకా వస్తాయని నాకు అనుభవం మీద తెలిసింది.

మేడమ్ హైదరాబాదు మనిషి. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్.ఆర్. ఉద్యోగం మానేసి, పిల్లల మీద ప్రేమతో డేకేర్ పెట్టానని చెప్పుకునేది. పిల్లల గదిలోకి చెప్పులతో రాకూడదని బోర్డు రాయించింది. తను చెప్పులు లేకుండా కూడా వచ్చేది కాదు.

ఆయమ్మది పాత బెంగళూరు తెలుగు. వాళ్ళ ముత్తాత ఎప్పుడో వచ్చి నగర్తపేటలో స్థిరపడ్డాడట. ఆమె తెలుగు విని మేడమ్ నవ్వుకునేది. మేడమ్ మాట్లాడే దాంట్లో తెలుగు ఎక్కడుందా అని ఆయమ్మ వెతుక్కునేది. ఒంగోలు నుంచి వచ్చిన నేను ఇద్దరికీ మధ్యలో నిలబడి, అవసరాన్ని బట్టి ఇద్దరికీ తలూపేదాన్ని.

ఒక సోమవారం పొద్దున మేడమ్‌కి పిల్లలు ప్రకృతికి దూరమైపోతున్నారని హఠాత్తుగా దిగులు పుట్టింది. పద్నాలుగో అంతస్తులో ఉండి, అక్కడి నుంచి కారులోకి, కారులోంచి మా ఏసీ గదిలోకి దిగే పిల్లలు ప్రకృతికి ఎప్పుడు దగ్గరగా ఉన్నారో నేను అడగలేదు. మధ్యాహ్నానికల్లా ఆన్‌లైన్‌లో ఒక పెట్టె వచ్చింది. దాంట్లో కొబ్బరి పీచు ఇటుకలు, నోరు తిరగని పేర్ల విత్తనాలు, బొమ్మ పారలు ఉన్నాయి.

ఆయమ్మ ఆ ఇటుకని వాసన చూసి పక్కన పెట్టింది. "ఇదేందప్పా, మట్టే లేదు దీంట్లో? పిల్లోళ్ళు చెయ్యి పెడితే గుచ్చుకుంటాది. వంటింట్లో మెంతులు ఉండాయి గదా. రాత్రికి నానేస్తే మూడో దినానికి మొలకొస్తాది. సుమ్నే దుడ్డు దండగ."

ఊరికే డబ్బు దండగని ఆమె తేల్చాక పెట్టె అలమరలోకి వెళ్ళింది. మరుసటి రోజు ఆయమ్మ జల్లించిన ఎర్రమట్టి సంచిలో తెచ్చింది. ఖాళీ పెరుగు కప్పులకి మేకు కాల్చి అడుగున చిల్లులు పెట్టింది. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. మట్టిలో వేలు గుచ్చాలి, నానిన మెంతులు వెయ్యాలి, పైన చిటికెడు మట్టి చల్లాలి, అంతే పని. దానికి గంటన్నర పట్టింది. ఒకడు మెంతులతో పాటు బిస్కెట్టు పాతాడు. ఇంకొకడు బొమ్మ కారు పాతి దానికి నీళ్ళు పోశాడు. ఒక పిల్ల తన కప్పు మీదే కూర్చుంది. ఇంకో బుడ్డోడు మట్టిని పెరుగన్నం తిన్నంత శ్రద్ధగా తిన్నాడు. నాలుగేళ్ళలో నేనంత సంతోషంగా గడిపిన పొద్దు అదొక్కటే.

మా గదిలో కెమెరా ఉంది. తల్లిదండ్రులు ఆఫీసుల్లో కూర్చుని ఫోన్లలో పిల్లల్ని చూసుకోవచ్చు. పిల్లాడు మట్టి మింగేలోపే వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది: "ఆ సాయిల్ ఆర్గానికేనా?" ఆ వెనకే ఇంకొకటి: "ఆయా ఎందుకు ఆపలేదు?" వాడికి ఆయమ్మ కన్నా దగ్గరగా కూర్చున్నది నేను. నన్నెవరూ అడగలేదు. అప్పుడు నాకు సిగ్గెయ్యాల్సింది. హాయిగా అనిపించింది.

ఆయమ్మ చెప్పినట్టే మూడో రోజుకి మొలకలు వచ్చాయి. తల్లిదండ్రుల కోరిక మీద ఇంకో కెమెరా కిటికీ గట్టు మీది కప్పుల వైపు తిరిగింది. పిల్లల కన్నా వాటినే ఎక్కువ చూశారేమో అనిపించింది. ఒక నాన్నగారు ఎవరి కప్పులో ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో పట్టిక గీసి రోజూ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాడు. పట్టికలో కింద ఉన్న పిల్లాడి అమ్మ నాకు విడిగా ఫోన్ చేసి, "మిస్, వాడు మాటలు కూడా లేటే. రెండిటికీ ఏమైనా లింక్ ఉందంటారా?" అని అడిగింది. మెంతులకీ మాటలకీ లింకు లేదని చెప్పాను. ఆమెకి నమ్మకం కుదరలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. తమ బిడ్డ నీళ్ళు పోస్తుంటే చూడాలని ప్రతి ఇంటికీ ఉంటుంది కదా. పొద్దున మీటింగులో ఉండి చూడలేకపోయిన వాళ్ళ కోసం మధ్యాహ్నం, మధ్యాహ్నం కుదరని వాళ్ళ కోసం సాయంత్రం మళ్ళీ పోయించాం. పదకొండు మంది, పూటకో చెంబు. కప్పుల్లో మొలకలు చెరువులో ఉన్నట్టు ఉన్నాయి. పిల్లలు అటు తిరగగానే ఆయమ్మ కప్పుల్ని ఒక్కొక్కటే ఒంచి నీళ్ళు పారబోసేది. అదీ కెమెరాలో పడింది. "నా కూతురు పోసిన వాటర్‌ని ఆయా పారేస్తోంది. ఎంత హర్ట్ అవుతుంది పాప!" అని ఒక తల్లి రాసింది. పాప ఆ సమయంలో బల్ల కింద దూరి తన సాక్సు నములుతోంది.

మేడమ్ ఆయమ్మని నా ముందే నిలబెట్టింది.

"నీళ్ళు పారబొయ్యకుంటే వేర్లు కుళ్ళిపోతాయమ్మా," అంది ఆయమ్మ.

"నువ్వేమన్నా అగ్రికల్చర్ చదివినవా? ఇది సెకండ్ కంప్లైంట్. ఇంకొక్కటి వచ్చిందనుకో, రేపటి నుంచి రానక్కర్లే. చెప్తున్నా."

ఆయమ్మ తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉంది. ఇంట్లో మొగుడు మంచం మీద ఉన్నాడు, ఇల్లు నడిచేది ఆమె మీదే. తడిగుడ్డ పిండుతూ నాతో మెల్లగా అంది: "ఈ వయసులో నన్నెవురు తీసుకుంటారప్పా, మిస్సమ్మా? మోకాళ్ళు చూస్తే ఇట్ల ఉండాయి." ఆ రోజు నుంచి ఆమె నీళ్ళు పారబొయ్యలేదు.

రెండో వారం బుధవారానికి మొలకలన్నీ మొదళ్ళ దగ్గర నల్లబడి వాలిపోయాయి. ఆకుల పచ్చదనం ఇంకా పోలేదు కాబట్టి కెమెరాలో చూసేవాళ్ళకి తెలియలేదు. శనివారం 'గ్రీన్ డే'. తల్లిదండ్రులంతా వస్తారు, బిడ్డలు తమ చేతులతో పెంచిన మొక్కల్ని చూపిస్తారు, ఫొటోలు దిగుతారు. చచ్చిన మొక్కల్ని చూస్తే మూడో కంప్లైంటు ఎవరి మీద వస్తుందో చెప్పక్కర్లేదు.

నాకు టీచర్ ట్రైనింగులో వంటబట్టిన విద్య ఒకటుంది. పిల్లలతో ఏది చేయించినా దాని నమూనా ముందే ఇంట్లో చేసి పెట్టుకోవాలి. నా బాల్కనీలో ఆయమ్మ ఇచ్చిన మట్టిలోనే, ఆమె చెప్పినట్టు వేళ్ళతో నీళ్ళు చిలకరిస్తూ పెంచిన మెంతికూర ట్రే నిండా కళకళలాడుతోంది. దాన్ని పదకొండు పెరుగు కప్పుల్లోకి సర్దాను. గురువారం అట్టపెట్టెలో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. ఆయమ్మకి చెప్పలేదు, చెబితే వద్దంటుంది. ఆమెని కాపాడుతున్నానని నాకు మహా గర్వంగా ఉంది.

పిల్లలు పడుకునే వేళ అయితే కెమెరా ఎవరూ చూడరని లెక్క వేసుకున్నాను. నిద్రపోతున్న పిల్లల్ని చూడ్డానికి ఏముంటుంది? ఆయమ్మ వెనక పెరట్లో గిన్నెలు కడుగుతోంది. టీచర్లది నీలం ఏప్రాన్, ఆయమ్మలది ఆకుపచ్చ. నా దాని మీద ఎవడో పప్పన్నం కక్కితే ఉతికి ఆరేశాను. మట్టి పని కాబట్టి మేకుకి ఉన్న ఆయమ్మ ఏప్రాన్ తగిలించుకున్నాను. పాత కప్పుల్ని చెత్త సంచిలో వేసి, కొత్తవాటిని వరసగా పెట్టి, పేర్ల స్టిక్కర్లు కూడా మార్చి అతికించాను.

పిల్లలు పడుకునే వేళే ఆఫీసుల్లో భోజనాల వేళ. నాలుగేళ్ళుగా పనిచేస్తున్నా ఆ సంగతి నాకు తట్టలేదు. కంచం ముందు కూర్చున్న ఇరవై రెండు మందీ ఫోన్ తెరిచి చూస్తున్నారు. గది కెమెరాకి కిటికీ మూల అందదు, కిటికీ వైపు కెమెరాలో మనిషి మొహం పడదు. రెండు చేతులు, ఆకుపచ్చ ఏప్రాన్ మాత్రం పడ్డాయి.

"గైస్, ఆయా మన పిల్లల ప్లాంట్స్ మార్చేస్తోంది! దిస్ ఈజ్ చీటింగ్."

అయిదు నిమిషాల్లో మేడమ్ ఆయమ్మని తన గదిలోకి పిలిచింది, వెనకే నేనూ వెళ్ళాను. నేను ఏప్రాన్ అప్పటికే మేకుకి తగిలించాను. తడి చేతులతో వచ్చిన ఆయమ్మకి మేడమ్ ఫోన్‌లో ఆ వీడియో చూపించింది. ఆయమ్మ చూసింది. ఆ చేతులకి గాజులు లేవు. ఆయమ్మ మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు వేసుకుంటుంది. మేడమ్ తొమ్మిదేళ్ళలో ఆ చేతుల వైపు ఎప్పుడూ చూడలేదు కాబోలు, ఆమెకి తేడా తెలియలేదు.

ఆయమ్మ నా వైపు తిరిగింది. కోపంగా కాదు, నేను మాట్లాడతానని. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను.

"మిస్, నువ్వెందుకు నిలబడ్డవ్? నీకేం సంబంధం? పిల్లలు లేస్తరు, వెళ్ళు," అంది మేడమ్.

వెళ్ళాను. పిల్లలెవరూ లేవలేదు. వాళ్ళ మధ్య కూర్చుని దుప్పట్లు సరిచేశాను. సర్ది ఉన్నవాటినే మళ్ళీ సరిచేశాను. గేటు గడియ తీసిన చప్పుడు వినపడింది. నాకు ఉద్యోగం పోతుందన్న భయం, అంతకు మించి ఏమీ లేదు. దాన్ని ఇంకో పేరుతో పిలవాలని ఆ తర్వాత చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

శనివారం గ్రీన్ డే వైభవంగా జరిగింది. మోసం చేసినందుకు ఆయమ్మని పంపేశామని మేడమ్ ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. కప్పులు మాత్రం అవే. అంత పచ్చగా ఉన్నవాటిని ఎవరు పారేస్తారు? ఒక్కో బిడ్డ చేతికి ఒక్కో మోసం ఇచ్చి ఫొటోలు తీసుకున్నారు. పట్టిక నాన్నగారు స్కేలు పెట్టి కొలిచి, తన కొడుకు మొదటి స్థానానికి వచ్చాడని పొంగిపోయాడు. మాటలు లేటైన పిల్లాడి తల్లి నా చెయ్యి పట్టుకుని, "థాంక్యూ మిస్, చాలా రిలీఫ్‌గా ఉంది," అంది.

ఆదివారం చర్చిలో పాపపు ఒప్పుకోలు ప్రార్థన అందరితో పాటు గట్టిగానే చదివాను. అందరితో కలిసి చదవడంలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, ఎవరి పాపం ఏదో విడిగా చెప్పక్కర్లేదు.

సోమవారం మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెడుతున్నాను. రోజూ జోకొట్టేది ఆయమ్మే, నా చెయ్యి వాళ్ళకి అలవాటు లేదు. ఎవరూ పడుకోలేదు. మట్టి తిన్న బుడ్డోడు లేచి కూర్చుని, పెరటి తలుపు వైపు చూసి అడిగాడు.

"ఆయమ్మ ఏది?"

"ఊరెళ్ళింది నాన్నా," అన్నాను.

ఆమెకి వేరే ఊరు లేదు. నాలుగు తరాలుగా ఇదే ఊరు. ఇల్లు మా వెనక రెండో వీధిలో, నడిస్తే మూడు నిమిషాలు.

"ఎప్పుడొస్తుంది?" అన్నాడు వాడు.

"పడుకో," అన్నాను.