ఎత్తు మొదలు కాకముందే

రాజేశ్వరి నంద్యాలకు వచ్చి ఏడాది దాటింది. అన్న పెళ్లయ్యాక ఆళ్లగడ్డలోని ఒంటిగది ఇల్లు ఇరుకైపోయి, తనంతట తానే బయటికి వచ్చేసింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. చేతిలో ఉన్నది చీరలకు ఫాల్ కుట్టే పని ఒక్కటే. ఆళ్లగడ్డలో వాళ్ల వీధిన పొద్దుగూకేదాకా శిల్పుల ఉలి చప్పుడు వినిపించేది. ఇక్కడ అద్దెగదిలో దారం తెంపిన చప్పుడు కూడా పెద్దగానే ఉంటుంది. కొన్ని రోజులైతే ఆమె నోరు తెరిచేది చీరల కొట్టు దినేశ్‌తో మాత్రమే, అదీ రెండు ముక్కలు.

ఆ కొట్టు రైలు వంతెనకు అవతల ఉంది.

"ఎల్లుండి పదికల్లా చీరలు ఈడుండాల. పెండ్లోళ్లు వచ్చి కూర్చుంటాండారు. రెండుసార్లు లేటు చేసినావు. మళ్లా అయితే పని వేరేవాళ్లకిస్తా, ఏమనుకోవద్దు" అన్నాడు దినేశ్, ఆమె ముఖం చూడకుండానే.

ఆలస్యమంతా వంతెన దగ్గరే. వెనక మూట కట్టిన సైకిలు సగం ఎత్తులో మొరాయించేది, దిగి తోసుకుంటూ పోవాల్సి వచ్చేది. అది గేర్ల సైకిలే. ఆ గేర్లు మార్చడమే ఆమెకు తెలియదు, ఎవరినైనా అడగాలంటే సిగ్గు. అందుకని గుమ్మంలో కూర్చుని కుట్టుకుంటూనే మోటారుబండ్ల వాళ్లను గమనించింది. క్లచ్చి పట్టి, ఊపు తగ్గించి, అప్పుడు కాలితో గేరు నొక్కుతున్నారు. ఆ సాయంత్రం తనూ అంతే చేసింది. వంతెన సగానికి పోయి, కాళ్లు బిగుసుకోగానే తొక్కడం ఆపి, హ్యాండిలు మీది గేరు మీట తిప్పి, బలమంతా పెట్టి తొక్కింది. టపుక్కున చైను ఊడింది. మర్నాడు సాయంత్రమూ అంతే. తెల్లారితే మూట తీసుకుపోవాలి.

నూనె చేతులతో మౌలాలి సైకిలు షాపుకు తోసుకుపోయింది.

"ఏం పాపా, చైను పడిందా? ఈ గేరు తీగ బిగించి కట్టేస్తా, ఒకే గేరు మీద నిలబడిపోతాది. ఈ చుట్టుపక్కల గేర్ల సైకిళ్లన్నీ నేనే అట్ల కట్టేసినా. గేర్లుండేది ఫోటోకే!" అన్నాడు ముసలి మౌలాలి. బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు.

పటకారు తీగను పట్టుకుంది. రాజేశ్వరి "వద్దు తాతా" అంది. ఆ గొంతు ఆయనకు వినపడలేదు. ఆమె ముందుకు వంగి తీగ మీద చెయ్యి పెట్టింది.

"కట్టొద్దు. మార్చేది నేర్పియ్యి."

"నువ్వెట్లా మార్చినావో ముందు చెప్పు."

తల దించుకునే చెప్పింది.

"ఓర్నీ, మోటారుబండి మాదిరా! దానికి క్లచ్చి ఉంది, దీనికి యాడుంది?"

ఆయన సీటు పట్టి వెనక చక్రం నేల మీది నుంచి లేపాడు. "చేత్తో పెడలు తిప్పు. ఆపొద్దు. ఇప్పుడు మీట."

చైను మెత్తగా పక్కనున్న పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కింది. పెడలు ఆపి మీట తిప్పితే చైను ఉన్నచోటే ఉంది.

"తొక్కుతాండేటప్పుడే మార్చాల, అదీ తేలిగ్గా తొక్కుతూ. ఎత్తు మొదలు కాకముందే. ఎత్తులో బలం పెట్టి మారిస్తే చైను ఊడక ఏం చేస్తాది?"

ఆమె పది పన్నెండు సార్లు చేసి చూసింది.

"చాలా తల్లీ? నా చెయ్యి పడిపోతాంది."

మర్నాడు వంతెనకు ఇంకా కొంత దూరం ఉండగానే కాళ్లు తేలిక చేసి మీట తిప్పింది, ఒకటి, ఇంకొకటి. పెడళ్లు గిర్రున తిరుగుతున్నా సైకిలు నెమ్మదిగానే కదిలింది. తట్టతో నడిచిపోయే ఒకామె కాసేపు ఆమెకు సమానంగా వచ్చింది. ఆళ్లగడ్డ బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. రాజేశ్వరి దిగలేదు. పైకి చేరాక అటూ ఇటూ చూసింది. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు.

ఇంకా పది కాకముందే కొట్లో ఉంది.

"తొందరగానే వచ్చినావే" అన్నాడు దినేశ్ చీరలు విప్పి చూసుకుంటూ. మునుపటికంటే పెద్ద మూట ముందుకు తోశాడు. "ఇవి ఎల్లుండికి. ఇంక నీకే ఇస్తాలే."

ఆమె మూట అందుకుంది కానీ కదల్లేదు. సైకిలు దిగకుండా వంతెన ఎక్కానని చెప్పాలని ఉంది.

"ఇంకేందమ్మా?"

"ఏం లేదన్నా" అని, మూట కట్టుకోవడానికి బయటికి వచ్చింది.