ఎండను దాచిపెట్టిన బాబాయి

వీధిలో అందరూ ఆయన్ని స్విచ్చుల బాబాయి అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక ఆఫీసులో అటెండరు. అందరూ వెళ్ళిపోయాక గదిగదికీ తిరిగి లైట్లూ ఫ్యాన్లూ కట్టేసి, తాళం వేసి, అనుమానం వచ్చి మళ్ళీ తాళం తీసి చూసుకుని గానీ ఇంటిముఖం పట్టేవాడు కాదు. రిటైరయ్యాకా ఆ చెయ్యి ఊరుకోలేదు. ఇంట్లో పాత బల్బులన్నీ పీకేసి ఎల్ఈడీలు పెట్టాడు. ఎవరైనా ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచిస్తూ నిలబడితే, లోపలి చల్లదనంతోపాటు ఆయన ప్రాణమూ బయటికి పోయేది.

అలాంటి మనిషిని ఒప్పించి డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించింది ఆయన భార్య. ఇంటి పక్క రేకుల గదిలో ఆమెకో మోటారు కుట్టుమిషను ఉంది. పోయిన ఎండాకాలం, చొక్కాకి కాలరు వేస్తూ వేస్తూ ఆ మిషను మీదికే తూలి పడిపోయింది. వేడిలో కూర్చోవద్దన్నాడు డాక్టరు. కూర్చోకపోతే ఇల్లు గడవదు.

"రేకుల కింద వేడి ఆపే కప్పు వేయించేద్దాం," అన్నాడాయన కంగారుగా.

"కప్పు వేయిస్తే ఉన్న డబ్బు అక్కడితో సరి. ముందు సోలార్ పెడదాం. బిల్లూ తగ్గుతుంది, సబ్సిడీ రాగానే కప్పూ అవుతుంది. నా మాట వినండి," అంది.

విన్నాడు. సబ్సిడీ రావాలంటే కరెంటాఫీసు నుంచి మనిషి వచ్చి అంతా సవ్యంగా ఉందని రాయాలి. ఎండలు ముదురుతున్నాయి. ఆ మనిషి రాలేదు. మొదటి బిల్లు మాత్రం వచ్చింది, పాతదానికి తోబుట్టువులా.

"బాబాయ్, సూర్యుణ్ణి కూడా కట్టేసి వచ్చావా ఏంటి?" అన్నాడు ఎదురింటి మంగలి, బిల్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆయన్ని చూసి. ఆయన నవ్వలేకపోయాడు.

నిజానికి ఆయన చెయ్యగలిగిందంతా చేస్తూనే ఉన్నాడు. పొద్దున వంట అయ్యాక ఇల్లు సద్దుమణిగేది. మిషనూ, ఫ్రిజ్జూ తప్ప వాడకం లేదు. మేడమెట్ల పక్కన గోడకి, ప్యానెళ్ళ తీగలు వచ్చి కలిసే పెట్టె మాత్రం బుస్సుమంటూ పనిచేసేది. ఇంత ఎండ ఊరికే పారబోసుకోవడమేమిటి? నీళ్ళ ట్యాంకు కుళాయి కట్టేసినట్టు ఆ పెట్టె స్విచ్చి కట్టేసి, దీపాలు పెట్టేవేళ మళ్ళీ వేసేవాడు. ఆఫీసులో ఏ లైటు ఎప్పుడు కట్టేశాడో ఎవరికైనా చెప్పాడా? ఇదీ అంతే.

సాయంత్రం స్విచ్చి వేస్తే ఆకుపచ్చ దీపం ఒకసారి మినుకుమని ఆరిపోయేది. సరిపడా పోగవలేదనుకున్నాడు. మర్నాటి నుంచి ఇంకాస్త ముందుగా కట్టెయ్యడం మొదలుపెట్టాడు.

కరెంటాఫీసు నుంచి వచ్చింది ఒక అమ్మాయి. రేకుల గదిలో, గుడ్డముక్కల మధ్య స్టూలు మీద కూర్చుని, ప్యానెళ్ళ లెక్క చూపే గీత తన ఫోన్లో తెరిచింది. మొహం చిట్లించింది.

"పొద్దున బాగానే ఎక్కుతోందండీ. తర్వాత ఒక్కసారిగా ఏమీ లేదు. రోజూ ఇంతే. ఇలా అయితే నేను సరే అని రాయలేను."

భార్య తొంగిచూసింది. కత్తెరతో తెగ్గోసిన గుడ్డలా ఉంది ఆ గీత.

"పెట్టినవాళ్ళు మోసం చేశారా అమ్మా? నాదే తప్పు. ఆయన వద్దు వద్దంటున్నా నేనే తొందరపడ్డాను," అంది. పమిటతో మెడమీది చెమట తుడుచుకుంటూ పైనున్న రేకుల వైపు చూసింది.

బాబాయి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుంటే ఈ తప్పు ఆమె నెత్తిన ఉండిపోతుంది. తెరిస్తే వీధంతా నవ్వుతుంది.

"నేనే కట్టేస్తున్నానమ్మా," అన్నాడు.

"ఎందుకండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"సాయంత్రానికి... ఉంటుందని."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. "బాబాయిగారూ, మీ ఇంట్లో బ్యాటరీ లేదు. పైన ఏదీ నిలవుండదు. మీరు వాడగా మిగిలింది లైనులోకి వెళ్ళి మీ లెక్కలో జమవుతుంది. కట్టేస్తే ఆ పూటకి పోయినట్టే. వచ్చేవారం మళ్ళీ వస్తాను. అప్పటిదాకా దాని జోలికి వెళ్ళకండి."

ఆ అమ్మాయి వెళ్ళాక భార్య మిషను ముందు కూర్చుంది. తర్వాత అంది: "ఇన్నాళ్ళూ ఎండని జాడీలో పెట్టి మూతేశారన్నమాట!" నవ్వబోయింది గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మర్నాడు వంట అయ్యింది. ఇల్లు సద్దుమణిగింది. మెట్ల దగ్గర పెట్టె బుస్సుమంటోంది. ఆయన అటు నడిచాడు. స్విచ్చికి గళ్ళగుడ్డతో కుట్టిన సంచి తొడిగి ఉంది, దాని మూతికి వరసగా బిగించిన గుండీలు. వేళ్ళు మొదటి గుండీ దాకా వెళ్ళాయి. వెనక్కి తీసుకుని గబగబా రేకుల గదిలోకి వచ్చాడు.

"ఇదిగో, ఏదైనా పని చెప్పు," అన్నాడు.

ఆమె తలెత్తకుండానే సూదీ దారం అందించింది. ఆయన కొలిమిలాంటి ఆ గదిలో కూర్చుని దారం ఎక్కించబోయాడు. మబ్బు పట్టిందేమో, బయట బుస్సుమనే చప్పుడు కాస్త తగ్గింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మిషనూ ఆగింది. ఇద్దరూ గోడవైపు చెవులొగ్గి, ఆ చప్పుడు మళ్ళీ పెరిగేదాకా అలాగే ఉండిపోయారు.