నేను చదవని వార్త

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. జాలి పడమని అడగడం లేదు. జాలి చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. వినండి, చాలు.

మాది మహారాష్ట్రలో రాజురా వైపు, విరూర్ దాటాక వచ్చే ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పెద్దవాళ్లకు ఏ అక్షరమూ రాదు, కుర్రాళ్లకు పేపరు చదివే ఓపిక లేదు. అందుకని నేను రోజూ పొద్దున కిరాణా కొట్టు తెరవగానే మరాఠీ పేపర్లో జిల్లా వార్తలు చదివి, తెలుగులో చెప్పి, ఊరి వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ణి. ఘుగ్గుస్‌లో లారీ బోల్తా పడినా, బామ్నిలో కరెంటు పోయినా, మా ఊరికి నేను చెబితేనే అది వార్త. ఆ గర్వం నాకు బాగా తలకెక్కింది.

మల్లక్క ఒక్కతే నాకు లొంగలేదు. ఆమె చేను బొగ్గుగని అంచున ఉంది. గని ఎప్పుడు మింగేస్తుందోనని భయం. అందుకే ప్రతి గ్రామసభకూ వచ్చి అందర్నీ నిలదీసేది. ఒకసారి నన్నూ దులిపేసింది. వార్తల్లో నా సొంత మాటలు కలుపుతున్నానట. సభంతా నవ్వింది. నిజానికి కలుపుతున్నాను. అందుకే అంత మండింది.

కొన్నాళ్లకు పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. గనిని పెంచుతారట, అభ్యంతరాలుంటే రాజురాలో అధికారుల ముందు చెప్పుకోవచ్చట. మా ఊరి పేరుంది, తేదీ ఉంది. చెబుదామని ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను. మల్లక్క ముఖం గుర్తొచ్చింది. నేను చెప్పకపోతే నీకెట్లా తెలుస్తుందో చూస్తానే అనుకున్నాను. ఆ రోజు వాన గురించీ పత్తి ధర గురించీ చెప్పి ఊరుకున్నాను.

తర్వాతైనా చెబుదామనుకున్నానా? అనుకున్నాను. ఆమె వచ్చి బతిమాలితే చెబుదామనుకున్నాను. రోజూ నా గొంతు వింటున్న మనిషి వచ్చి ఎందుకు బతిమాలుతుంది? నన్ను తిట్టిందే గానీ వార్త దాస్తానని ఏనాడూ అనుమానించలేదన్న సంగతి నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా?

మా ఊరి నుంచి ఒక్కరూ వెళ్లలేదు. ఊరికి అభ్యంతరం లేదని రాసుకున్నారట. అది తెలిశాక అందరం పంచాయతీ ఆఫీసు మీద పడ్డాం. కొత్తగా వచ్చిన గ్రామసేవకుడు, అంటే పంచాయతీ కార్యదర్శి, మరాఠీ మనిషి, పేపర్లో వేశారు కదా అని మొత్తుకున్నాడు. అతణ్ణి అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. మల్లక్క నా వైపు తిరిగింది.

“తమ్మీ, దినాం పేపర్ సదివేది నువ్వే. గా ముచ్చట వచ్చిందా?”

“రాలేదక్కా.”

“మల్లొకసారి యాది చేస్కో.”

“వస్తే చెప్పకపోదునా? నీ మీద కోపముంటే మాత్రం గంత పని చేస్తనా?”

ఆమె గ్రామసేవకుడి మీదికి వెళ్లింది. “ఇన్నవా? మా తమ్మునికి నోరెక్కువ గానీ అబద్ధమాడడు. నువ్వే దాచినవ్.” ఎవరో అతని కాలర్ పట్టుకున్నారు. చొక్కా చిరిగింది. అతను దండం పెట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

చేను పోయింది. వచ్చిన పరిహారం నిలవలేదు. మల్లక్క ఇప్పుడు ఇతరుల చేలల్లో పత్తి ఏరడానికి కూలికి పోతోంది. ఆమె వెళ్లి మాట్లాడితే గని ఆగేదా అని మీరు అడుగుతారు. ఆగేది కాదేమో. ఆ మాట చెప్పుకుని ఎన్నిసార్లు ఊరట పడ్డానో. ఛీ! ఆగినా ఆగకపోయినా ఆ అధికారుల ముందు నిలబడి నోరారా కడిగేయడం ఆమె హక్కు. ఒక్క నవ్వుకు ఉడుక్కుని, దాన్ని నేను కొట్టేశాను.

ఇప్పటికీ వాయిస్ పెడుతున్నాను. ఇప్పటికీ ఆమె వింటోంది.

వచ్చిందక్కా. ప్రకటన వచ్చింది. చదివిన. కావాలనే చెప్పలే.

రాశాక గుండె కొంచెం తేలికైంది, అబద్ధమెందుకు? కానీ నన్ను మెచ్చుకోకండి. చిన్నప్పుడు ఆదిలాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉండి నేర్చుకున్న తెలుగు అక్షరాల్లో రాశాను ఇది. మా ఊళ్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కడికే.