జామ వేరుకు బుడిపెలు

2023లో వానాకాలం చివర, దీపావళికి ముందు రోజులు. వికారాబాద్‌లో ఒక విత్తనాల దుకాణం పై అంతస్తులో ఉన్న చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ముందు గదిలో మా సార్ కూర్చుని రైతులతో మాట్లాడతారు. వెనక గదిలో బకెట్లు, జల్లెడలు, ఒక మైక్రోస్కోపు, నేను. మట్టిలో బతికే నెమటోడ్లను చూసి, రకాలుగా విడదీసి, లెక్కపెట్టడం నా పని.

రైతులు వీటిని నులిపురుగులంటారు. కంటికి ఆననంత సన్నగా, గాజులా ఉంటాయి. ఏ చెట్టు వేళ్ల దగ్గరైనా గుప్పెడు మట్టి తీస్తే అందులో ఎన్నో రకాలు దొరుకుతాయి. కొన్ని వేరును తింటాయి, కొన్ని బ్యాక్టీరియాను, కొన్ని బూజును. కొన్ని తోటి నెమటోడ్లనే తింటాయి. నులిపురుగు అనగానే మందు పోసి చంపాలనుకుంటారు గాని, వీటిలో చాలా రకాలు చెట్టు జోలికే పోవు.

ఈ పని నాకు నచ్చడానికి ఒక కారణం, ఇందులో మాట్లాడక్కర్లేదు. పొద్దున బస్టాండు దగ్గర టీ అడిగిన ఒక్క మాట తప్ప సాయంత్రం దాకా నోరు విప్పని రోజులు చాలా ఉండేవి. గదికి వెళ్లి పుస్తకం చదువుకునేదాన్ని, డైరీ రాసుకునేదాన్ని. డైరీలో ఎక్కువగా ఆ రోజు చూసిన పురుగుల సంగతే ఉండేది. మనుషుల గురించి రాయడానికి ఏమీ జరిగేది కాదు.

ఆ రోజు సార్ భోజనానికి వెళ్లిన వేళ ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. పేరు అంజమ్మ. తాండూరు అవతల, కర్ణాటక సరిహద్దు వైపు ఊరు. నలభై దాటి ఉంటాయి. చంకలో గుడ్డ సంచి పెట్టుకొని వచ్చి, దాన్ని పసిపిల్లను దించినట్టు బల్ల మీద పెట్టింది.

"జామ తోట మట్టి మేడం. ఆకులు ఎర్రవడ్తున్నయ్, చెట్లు ఒక్కొక్కటే ఎండుతున్నయ్. పురుగేమన్న ఉన్నదా చూడున్రి."

సంచి విప్పాను. మట్టి పిండిలా ఉంది. ఒక రాయి లేదు, వేరు లేదు, తడి అసలే లేదు.

"ఎండబెట్టినవా అమ్మా?"

"మంచిగ ఎండబెట్టిన. పిండి జల్లెడతోని జల్లించిన. కందిచేను మట్టి పరీక్షకు గట్లనే తెమ్మన్నరు గద. మా ఊర్ల ఇంత సాఫుగ ఎవరు తేరు."

అది నిజమే. ఎరువుల లెక్క తేల్చే మట్టి పరీక్షకు ఆరబెట్టి, ఏరి, జల్లించి తేవాలి. నెమటోడ్ల పరీక్షకు సరిగ్గా దానికి తలకిందులు. మట్టి తడిగా ఉండాలి, సన్న వేళ్లు అందులోనే ఉండాలి, ఎండ తగలకూడదు, ఎండితే పురుగులు చచ్చిపోతాయి. ఆవిడ అంత శ్రద్ధగా చేసిన పని వల్లే నాకు చూడటానికి ఏమీ మిగల్లేదు. ఆ మాట ఆవిడ మొహం మీద చెప్పలేక, మట్టి తీసి ఉంచుకుని శుక్రవారం రమ్మన్నాను.

అయినా ఫనెల్, అంటే గరాటు పద్ధతిలో పెట్టి చూశాను. పలచటి కాగితం మీద మట్టి పరిచి, అడుగు నీటికి తగిలేలా ఫనెల్‌లో పెడతాం. బతికున్న పురుగులు కాగితంలోంచి జారి నీళ్లలోకి దిగుతాయి. ఒక్కటీ దిగలేదు.

శుక్రవారం సార్‌కు చెప్పాను. ఆయన చేతిలో ఫోను, ఎదుట ఇద్దరు రైతులు. "నిల్ అని రాసి ఇచ్చెయ్యమ్మా," అన్నారు.

నిల్ అంటే ఏమీ లేదని. రిపోర్టు కాగితం తీసుకుని కూర్చున్నాను. అంజమ్మ గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లది గొర్రెల కుటుంబం. భర్త మల్లప్ప దీపావళి దాటితే మందను తోలుకొని కర్ణాటక వైపు పోతాడు, మళ్లీ వానలకే రావడం. ఆ నెలలన్నీ ఈమె ఒక్కతే తోట చూసుకుంటుంది. పక్క చేనులో నాపరాయి తీస్తున్నారు. ఆ గని ఆయన వీళ్ల భూమి కూడా అడుగుతున్నాడు.

"మా ఆయన మందను మేపనీకి పోయిండు, సోమవారం వస్తడు. జేసీబీకి గూడ చెప్పిండు. రిపోర్టుల పురుగు లేదని వచ్చిందనుకో, ఇగ భూమే మంచిది కాదంటడు. తోటంత పీకిపిచ్చి గని ఆయనకిస్తడు. బండ తీసినంక మట్టి ఉంటదా మేడం?"

ఉండదు. తాండూరు దారిలో ఎవరైనా చూడొచ్చు. పైమట్టిని ఒక పక్క గుట్ట పోసి, కింద పొరలు పొరలుగా రాయి కోసుకుంటూ పోతారు. చివరికి పచ్చనీళ్ల గుంట మిగులుతుంది.

కాగితం పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. "సార్, నేను నిల్ రాయలేను. ఆ మట్టి చచ్చిపోయి వచ్చింది. తోటలో ఏముందో మనకు తెలియదు."

నేను అంత పొడుగు మాట మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదనుకుంటా. ఫోను దించి, నవ్వారు. "అయితే నువ్వే పోయి తెస్తవా?" ఎక్కడికీ వెళ్లని పిల్లనని తెలిసి, ఆటపట్టించడానికే అన్నారు.

"పోతాను సార్," అన్నాను.

శనివారం పొద్దున తాండూరు బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లాను. తోట గని పక్కనే ఉంది. జామ ఆకుల మీద తెల్లటి రాతిపొడి. అంజమ్మ గడ్డపార పట్టుకుని ముందు నడిచింది. గని వైపున్న రెండు సాళ్లు బాగా దెబ్బతిన్నాయి. ఒక చెట్టు మొదట్లో తవ్వించి సన్న వేళ్లు బయటకు తీశాను. వేరు పొడవునా గడ్డలు, బుడిపెలు, కొన్నిచోట్ల వేరు అల్లం ముక్కలా ఉబ్బిపోయి ఉంది.

అంజమ్మ మొహం వెలిగింది. "వేరు మంచిగనే ఉన్నది సూడు బిడ్డా. కందికి గూడ గిట్లనే బుడిపెలొస్తయ్. బుడిపెలుంటె బలమని అగ్రికల్చర్ సార్లే చెప్పిన్రు. ఈటిని చూసే నేను ధైర్యంగున్న."

అది కందుల దేశం. కంది వేరుకు బుడిపెలుంటే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయని అక్కడ చదువు రానివాళ్లకూ తెలుసు. ఆ తెలివితోనే ఆవిడ జామ వేరును చూసి సంతోషపడింది. గట్టు పక్క చేనులోంచి ఒక కంది మొక్క పీకి, బుడిపెను గోటితో నెట్టాను. ఊడి వచ్చింది. తర్వాత జామ వేరు ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది ఊడబెరుకు అమ్మా."

గోటితో గీకింది. ఊడలేదు, వేరే చీలింది.

"కందికి బుడిపె బయట కూచుంటది. దీనికి వేరే వాచింది. లోపల పురుగు ఉంది."

ఆవిడ ఆ వేరును చాలాసేపు చూసింది. "అయితే ఇన్ని దినాలు నేను చూసి మురిసింది రోగాన్నా," అంది. ఏడవలేదు. గడ్డపార తీసుకుని, "ఇంకేడ తవ్వాలె చెప్పు," అంది.

దెబ్బతిన్న సాళ్లలో, తోట నడుమ, బాట పక్కన తవ్వించాను. బాట పక్క చెట్లు మాత్రం ఎందుకో పచ్చగా ఉన్నాయి. అడిగితే, మల్లప్ప ఏటా వలస పోయేముందు కొన్ని రాత్రులు మందను అక్కడే ఆపుతాడంది. గొర్రెలను చేనులో పడుకోబెడితే పెంటికలు, మూత్రం నేలకు చేరతాయి. బాట పక్కనైతే తోలుకుపోవడం సులువని ఎప్పుడూ అక్కడే.

మట్టిని వేళ్లతో సహా కవర్లలో కట్టి, తడి గోనెలో చుట్టాను. తర్వాత చెట్టు నీడన జొన్నరొట్టె, తొక్కు పెట్టింది.

"ఆడ నీకెవరున్నరు బిడ్డా?"

"ఎవరూ లేరు. రూంల ఒక్కదాన్నే."

"మరి ఎవరితోని మాట్లాడ్తవ్? పురుగులతోనా?"

"అవి పలకవు గదా."

"మా ఆయన గూడ పలకడు. ఫోన్ చేస్తె ఎనక గొర్రెలే అరుస్తయ్. గవి మంచిగున్నయంటె ఈయన గూడ మంచిగున్నడని నేనే అనుకుంట."

ఇద్దరం నవ్వాం. నేను చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఆదివారం ల్యాబ్‌కు సెలవు. ముందు రాత్రే మట్టిని ఫనెళ్లలో పెట్టి వచ్చాను, ఇప్పుడు తాళం తీసి లోపలికి వెళ్లాను. కింద దుకాణం మూసి ఉంది, వీధిలో చప్పుడు లేదు. ముందుగా దెబ్బతిన్న సాళ్ల నీళ్లు చూశాను. ఆ నీళ్లు పోసిన గాజు డిష్ నిండా పురుగులే. అన్నీ ఒకే రకం, వేరులో బుడిపెలు పుట్టించే రూట్ నాట్ నెమటోడు పిల్లలు. నోట్లో సన్నటి సూది, బద్ధకంగా వంపులు తిరుగుతూ. అంత జనం, అందరూ ఒకటే.

తర్వాత బాట పక్క మట్టి. అందులోనూ ఆ రకం ఉంది, కాని తక్కువ. దాని చుట్టూ వేరే లోకం. బ్యాక్టీరియాను తినేవి కొరడాల్లా కొట్టుకుంటున్నాయి. బూజు తినేవి మెల్లగా పోతున్నాయి. నోట్లో పన్ను ఉన్న పెద్దది ఒకటి, తోటి పురుగులను తినే రకం, తాపీగా డిష్ దాటింది. పేరు తెలియనివి కూడా ఉన్నాయి. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. తలెత్తి చూస్తే గదిలో కుర్చీ ఒక్కటే ఉంది, అందులో నేనున్నాను. ఆ పూట అంతకు ముందెప్పుడూ లేనంత ఒంటరిగా అనిపించింది.

సోమవారం ఇద్దరూ వచ్చారు. మల్లప్ప పొడగరి, భుజాన గొంగడి. కూర్చోమంటే కూర్చోలేదు. నేను మాటలు వెతుక్కుంటుంటే అంజమ్మే అంది, "చూపియ్యి బిడ్డా. చెప్తె నమ్మడు."

మొదటి డిష్ పెట్టాను. వంగి చూశాడు. "ఒక్క తీరువే ఉన్నయ్."

రెండోది పెట్టాను. ఈసారి ఎక్కువసేపు చూశాడు. "ఇందుల రకరకాలున్నయ్. ఇదేడిది?"

"మీ మంద పండుకునే జాగది."

ఆయన తలెత్తి భార్య వైపు చూశాడు. మళ్లీ వంగాడు.

"మందు పోస్తె గా మొదటియి చస్తయా?"

"చాలావరకు చస్తయి. రెండో దాంట్ల ఉన్న మంచివి గూడ చస్తయి. మిగిలినవి మల్ల పెరిగితె ఆపేటందుకు ఎవరుండరు."

"మరేం చెయ్యాలె?"

చెప్పాను. ఆ రెండు సాళ్లు వేళ్లతో సహా తీసి కాల్చాలి, అక్కడ మళ్లీ జామ పెట్టకుండా, ఈ పురుగును అణిచే బంతి వెయ్యాలి. మిగతా చెట్లకు వేపపిండి వెయ్యాలి. మందను ఒక్కచోటే కాకుండా తోటంతా మార్చి మార్చి ఆపాలి.

"గ్యారంటీ ఇస్తవా?"

ముందు గదిలోంచి సార్ మా వైపే చూస్తున్నారు. "ఇయ్యలేను," అన్నాను. "గొర్రెల వల్లనే అని ఒక్క తోట చూసి చెప్పలేను. కాని భూమి చెడ్డది కాదని చెప్పగలను. బాట పక్కన మంచిగనే ఉంది."

"గ్యారంటీ లేదాయె. ఈడ మేత లేదాయె. మందను ఎట్ల ఆపాలె?"

అంజమ్మ గొంతు పెంచలేదు. "నువ్వు పోవద్దంటలేను. ఈనే గొర్లను, పిల్లలను ఎట్లైన ఇంటికాడ ఇడిచే పోతవ్. ఈసారి ఇంకిన్ని ఇడువు. దినానికొక జాగల నేనే ఆపుకుంట. ఏడాది నువ్వు తిరుగుతవ్, నాకు నిలవనీకి జాగన్న ఉండాలె గద."

ఆయన గొంగడి సర్దుకుని బయటికి వెళ్లాడు. మెట్ల మీద ఫోన్ మాట్లాడటం వినిపించింది. "ఆ, రా. రెండు సాళ్లే. మొత్తం కాదు, చెప్పిన గద రెండే అని. గని ఆయనకు నేను చెప్పుకుంట."

అంజమ్మ నా చెయ్యి పట్టుకుని వదిలింది.

ఆ తర్వాత కూడా కొన్ని చెట్లు పోయాయి. చాలావరకు నిలిచాయి, కాస్తున్నాయి. ఈ కేసు తర్వాత నేను పని చేసే తీరు మారింది. మట్టి తెచ్చినవాళ్లను, ఎలా తీశారో, ఏం చేశారో ముందు అడుగుతాను. అనుమానమొస్తే బస్సెక్కుతాను. పురుగులెన్ని అన్నది ఒక్కటే చూస్తే నేల సంగతి తెలియదని, ఎన్ని రకాలు కలిసి బతుకుతున్నాయో చూడాలని అంతకుముందు పుస్తకంలో చదివాను. అది ఒక మనిషి కాళ్ల కింది నేల సంగతి అని మాత్రం అంజమ్మ తోటలోనే తెలిసింది.

మరుసటి ఏడు ఆవిడ చెట్లు తీసేసిన సాళ్ల మట్టి పంపింది. తడిగా, బంతి వేళ్లతో, గోనెలో చుట్టి. చూసి, వెంటనే ఫోన్ చేశాను. మల్లప్ప అప్పటికే వలస పోయాడు.

"బుడిపెల రకం మస్తు తగ్గింది అమ్మా. పురుగులను తినే పన్ను రకం ఒకటి వచ్చింది."

"ఒక్కటేనా?"

"ఇప్పటికి ఒక్కటే కనవడ్డది."

"ఒక్కటే ఏం చేస్తది బిడ్డా, పాపం. జర మంచిగ చూడు, ఇంకోటి ఉంటదేమో."

ఫోను స్పీకర్‌లో పెట్టి, మైక్రోస్కోపు మీదికి వంగి డిష్‌ను మెల్లగా జరపడం మొదలుపెట్టాను. అటువైపు గొర్రెపిల్లలు అరుస్తున్నాయి. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు.