గచ్చు పాటకు టెంపో కట్టిన వైనం

1988లో నేను ఫోరస్ రోడ్డు పక్క సందులో ఒక చిన్న రికార్డింగ్ గదిలో పనిచేసేవాణ్ణి. ఆర్కెస్ట్రాలకు బ్యాకింగ్ ట్రాకులు తయారుచేసేవాళ్లం. అంటే గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉండే టేపు. గాయకులు దాని మీద పాడతారు. ఆ ఏడే మా యజమాని ఒక కంప్యూటర్, సీక్వెన్సర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. ఏ డ్రమ్ము ఎప్పుడు మోగాలో అందులో రాసిపెడితే అది మోగిస్తుంది. నేర్పేవాళ్లు లేరు. ఇంగ్లిషు మాన్యువల్‌ను లైబ్రరీకి తీసుకుపోయి, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేనే చదివాను. ఆ చదువు నాది అని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

అందులో మొదటి పాఠం టెంపో, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలన్న లెక్క. ఆ అంకె కాస్త తప్పినా మొదటి చరణంలో తెలియదు. మూడో చరణానికి గాయకుడు ఒక దారి, డ్రమ్ము ఒక దారి.

కామాటిపురలోని మా గల్లీల కమిటీ ఆ ఏడు దాదర్‌లో హాలు అద్దెకు తీసుకుని ఒక కార్యక్రమం తలపెట్టింది. ఈ ఊరి మేడలు కట్టిన మన తాతముత్తాతలకు వందనం, అదీ విషయం. కమిటీ పెద్ద రాజారాం ఒక బ్యాంకులో గుమాస్తా. ఆయన సాయమ్మ అనే ఆమెను మా గదికి తీసుకొచ్చాడు. సాయమ్మ పాలమూరు నుంచి వచ్చి, మేడల మీద సున్నపు గచ్చు కొట్టే ఆడవాళ్ల వరుసలో పాట ఎత్తుతూ బతికిన మనిషి. గచ్చు పోయి సిమెంటు వచ్చాక ఆ వరుసలు చెదిరిపోయాయి. పాట ఎత్తగలిగినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది.

సాయమ్మ పల్లవి పాడింది. టెంపో పట్టుకుని టైపు చేశాను. ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి క్లిక్ వినిపించాను. గడియారంలా టిక్కు టిక్కుమంటూ తాళం చూపే చప్పుడది. రెండో చరణానికే ఆమె క్లిక్‌ను దాటిపోయింది. మళ్లీ పాడించాం. మళ్లీ అంతే.

"అరే, గీమెకు తాళమే లేదు భాయ్!" అన్నాడు రాజారాం, ఆమె ఎదుటే. "మశీన్ తప్పు చెప్తదా? మా ఆఫీసర్ బిడ్డ సంగీతం నేర్చుకుంటుంది. ఆమెతోని పాడిపిద్దాం. నువ్వు ఇంటికి పో సాయమ్మా, టైం ఖరాబ్ చెయ్యకు."

సాయమ్మ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. బయట మెట్ల మీద నేను అడిగాను: "పెద్దమ్మా, పాట నడుమల ఎందుకు ఉరుకుతున్నవ్?"

"నేనెక్కడ ఉరుకుతున్న బిడ్డా? గచ్చు ఉరికిస్తది. పచ్చిగున్నప్పుడు జల్దీ కొడితే సున్నం మొకం మీదికి చిందుతది. గట్టి పడుతుంటే చెయ్యి దానంతటదే ఉషారైతది. ఆఖరికి థాపీ టంగుమని ఎగరాలె. అప్పుడే ముకాదం బస్, ఇగ చాలు అంటడు." థాపీ అంటే గచ్చు కొట్టే చెక్క, ముకాదం అంటే కూలీల మేస్త్రీ. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నవ్వింది. "నీ టిక్కుటిక్కు గాడు ఎన్నడన్న గచ్చు కొట్టిండా?"

ఆ సాయంత్రమే లైబ్రరీలో కట్టడాల పుస్తకం తీయించాను. సున్నపు గచ్చు గట్టిపడి, కొట్టిన చెక్క వెనక్కి ఎగిరేదాకా కొట్టాలని అందులోనూ ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. వందనం గచ్చు కొట్టినవాళ్లకట. కొట్టినామె మాత్రం ఇంటికి పోవాలట!

మర్నాడు సాయమ్మను పిలిచి, క్లిక్ లేకుండా మొత్తం పాట పాడించి టేపు చేశాను. సాఫ్ట్‌వేర్‌లో టెంపో మ్యాప్ అని ఒకటుంటుంది. పాట పొడవునా ఎక్కడికక్కడ వేగం మార్చి రాసుకోవచ్చు. ఒక్కో చరణం స్టాప్‌వాచ్‌తో కొలిచి, పల్లవిలో నింపాదిగా నడిచే డ్రమ్మును చివరి చరణానికి పరుగు అందుకునేలా మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయాను.

రిహార్సల్‌లో ఆ ట్రాకు వేస్తే రాజారాం చెయ్యెత్తి ఆపాడు. "స్పీడ్ మారుతుంది. కంప్యూటర్ ఖరాబైందా?"

ఈ పాటకు నాట్యం చేసేవాళ్లు మా చాల్ పిల్లలు, వరుస గదుల ఇళ్లవాళ్లు. వాళ్లలో ఒకామె అంది: "నకో సార్, ఆపకుండ్రి. ఇప్పుడే కాళ్లు బరాబర్ పడుతున్నయ్."

ఆఫీసర్ గారి అమ్మాయి ప్రయత్నించింది. మంచి గొంతే, కానీ వేగం మారినప్పుడల్లా వెనకబడింది. అప్పుడు రాజారాం నా చెవిలో చెప్పిన మాట నేను మరిచిపోను. "సాయమ్మ గొంతు టేపు చేసినవ్ కదా? దాన్నే ట్రాక్‌ల కలుపు. స్టేజీ మీద ఈ పిల్ల నోరు కదిలిస్తది. చూడనీకి మంచిగుంటది."

"మీరడిగింది బ్యాకింగ్ ట్రాకు. అందులో గొంతు ఉండదు," అన్నాను గట్టిగా, అందరూ వినేలా. "ఆమె గొంతు కావాలంటే ఆమెను నిలబెట్టండి."

"నౌకరి చేసెటోనివి, నౌకర్ తీరుగ ఉండు!"

"నౌకరి చేస్తున్న కాబట్టే చెప్తున్న సార్. గొంతు దొంగతనం మా పనిల లేదు."

నాట్యం పిల్లలు కిసుక్కుమన్నారు. చివరికి సాయమ్మను పిలవక తప్పలేదు.

హాల్లో రాజారాం మైకు పట్టుకుని తాతముత్తాతల గురించి చాలాసేపు మాట్లాడాడు. చివర్లో, "ఇప్పుడు మన కూలీ అక్క ఒకామె పాట" అని దిగిపోయాడు. అంతసేపు తెరిచిన నోటికి ఒక్క పేరు బరువైంది! మిక్సర్ దగ్గర నా ముందు ఇంకో మైకుంది. ఆన్ చేశాను. "పాడేది సాయమ్మ" అని చెప్పి ట్రాకు వదిలాను. మొదటి దెబ్బకే ఆమె అందుకుంది. ఆఖరి చరణంలో డ్రమ్ము పరుగెత్తింది. ఆమె గొంతు దాని పక్కనే పరుగెత్తింది. ఒక్క దెబ్బ తప్పలేదు.

ఆ తర్వాత ఎవరు పాట తెచ్చినా ముందు హెడ్‌ఫోన్ ఇవ్వను. పేరు అడుగుతాను. ఈ పాట ఎక్కడ, ఏం చేస్తూ పాడతారో అడుగుతాను. జవాబు విన్నాకే టెంపో అంకె టైపు చేస్తాను.